పాత గేర్ బాక్సులో డ్రైన్ ప్లగ్ మరలు పోతే బాగుచేసే పద్ధతి

పాత వాహనం గేర్ బాక్సు అడుగున, ఆయిల్ దించడానికి ఉండే డ్రైన్ ప్లగ్గును ఇన్నేళ్లలో ఎంతమంది విప్పారో, వారిలో ఎంతమంది పానాకు పైపు తొడిగి మరీ బిగించారో ఎవరూ చెప్పలేరు. ప్లగ్గు ఉక్కుది, చాలా గేర్ బాక్సుల కేసు పోత అల్యూమినియంది కాబట్టి, బిగింపు హద్దు దాటిన ప్రతిసారీ అరిగేదీ తెగేదీ కేసు రంధ్రంలోని మరలే, అంటే ప్లగ్గు పట్టుకునే చుట్లే. అలా నలిగి నలిగి, చివరికి ఆయిల్ మార్చడానికి విప్పిన రోజున ప్లగ్గుకు వెండి తీగల్లా అల్యూమినియం చుట్లు అంటుకుని బయటికి వస్తాయి. లేదంటే తిరిగి బిగించేటప్పుడు ప్లగ్గు ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటుంది.

ప్లగ్గు పోతే కొత్తది ఎక్కడైనా దొరుకుతుంది. తయారీ ఆగిపోయిన బండి గేర్ బాక్సు కేసు మాత్రం అంత సులభంగా దొరకదు. కాబట్టి ఈ పనిలో తీసుకునే ప్రతి నిర్ణయమూ కేసులోని లోహాన్ని వీలైనంత తక్కువ తీసేదిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఒకసారి డ్రిల్లు పెట్టి తీసేసిన లోహం మళ్లీ రాదు. చిన్న మరమ్మతుతో పోయే పనికి పెద్ద డ్రిల్లు పెడితే, పదేళ్ల తర్వాత ఆ కేసును బాగుచేయవలసిన వారికి ఏ దారీ మిగలదు.

విప్పే ముందు

ఆయిల్ దించే ముందు, పైన ఉండే ఫిల్లర్ ప్లగ్గు విప్పగలమో లేదో చూసుకోవాలి. ఈ ఒక్క మాట పాటించకపోవడం వల్ల ఎన్నో బండ్లు ఇంటి ముందు కదలకుండా నిలిచిపోతాయి. కింద ప్లగ్గు తీసి ఆయిలంతా దించేశాక పైన ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే, కొత్త ఆయిల్ పోయడానికి దారి ఉండదు. కనుక ఫిల్లర్ ప్లగ్గు వదులైన తర్వాతే డ్రైన్ ప్లగ్గు మీద పానా వేయాలి.

బండిని సమతలంగా ఉన్న నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపిన తర్వాత తప్పనిసరిగా స్టాండ్ల మీద దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకూడదు. కాసేపు నడిపి వచ్చిన బండిలో ఆయిల్ గోరువెచ్చగా, పల్చగా ఉంటుంది కాబట్టి తొందరగా దిగుతుంది, అడుగున పేరుకున్న మడ్డిని కూడా వెంట తీసుకువస్తుంది. దించిన ఆయిల్‌ను కాలువలోనో నేల మీదో పారబోయకూడదు. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ తీసుకునే వారికి ఇవ్వడం మంచి పద్ధతి. కింద పడుకుని పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. మన తల మీద ఉన్న రంధ్రంలోంచి రాలే లోహపు పొట్టు నేరుగా కళ్లలోకే పడుతుంది.

ప్లగ్గు బయటికి వచ్చాక రంధ్రాన్ని గుడ్డతో తుడిచి, టార్చి వేసి నెమ్మదిగా చూడాలి. సాధారణంగా మూడు రకాల పరిస్థితి కనిపిస్తుంది. మొదటి రెండు మూడు చుట్లు మాత్రమే వంగి, లోపలి చుట్లు నిక్షేపంగా ఉండవచ్చు. ప్లగ్గును వంకరగా ఎక్కించిన వారి వల్ల ఇలా జరుగుతుంది. ప్లగ్గు పట్టినంత మేరా చుట్లు తెగిపోయి, దానికి పైన, ప్లగ్గు ఎప్పుడూ చేరని చోట, కొన్ని చుట్లు చెక్కుచెదరకుండా మిగిలి ఉండవచ్చు. లేదా మొత్తం రంధ్రమే నున్నగా అయిపోయి ఉండవచ్చు. వీటితో పాటు రంధ్రం అంచునుంచి సన్నని పగులు ఏదైనా బయలుదేరిందేమో కూడా చూడాలి. పగులు ఉంటే ఇక్కడ చెప్పే పద్ధతులేవీ సరిపోవు. గేర్ బాక్సు దించి, విడదీసి, అల్యూమినియం వెల్డింగ్ బాగా తెలిసిన వారికి చూపించాలి. ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చుకున్న పోత అల్యూమినియం మీద వెల్డింగ్ సరిగ్గా కూర్చోదు, బుడగలు లేస్తుంది. అందువల్ల పగులు లేని కేసుకు వెల్డింగ్ జోలికి పోకపోవడమే నయం.

ఏ మర అన్నది తేల్చుకోవడం

నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడ. మన దగ్గర ఉన్న పాత వాహనాల మూలాలు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్, పాత మహీంద్రా జీపుకు మూలం అమెరికా వారి విల్లీస్, పద్మినికి మూలం ఇటలీ వారి ఫియట్. ఇటలీ నుంచి వచ్చినదానిలో మిల్లీమీటర్ల మరలు ఉంటాయి, మిగతా రెండింట్లో అంగుళాల మరలు ఎదురవుతాయి. దానికి తోడు, మనకంటే ముందు ఎవరో ఒకరు ఈ రంధ్రాన్ని ఇప్పటికే మార్చి ఉండవచ్చు. కాబట్టి పుస్తకంలో ఉన్న కొలతను నమ్మి ట్యాపు (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొనకూడదు, చేతిలో ఉన్న ప్లగ్గును కొలిచి కొనాలి.

ప్లగ్గు బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో రెండు చోట్ల, అంటే తల దగ్గర ఒకసారి, కొన దగ్గర ఒకసారి కొలవాలి. రెండూ ఒకటే అయితే అది సమాన వ్యాసం గల మర, కింద వాషర్ పడుతుంది. కొన దగ్గర తగ్గుతూ ఉంటే అది పైపుల్లో వాడే టేపర్ మర. దాని వాలు 16కు 1 కాబట్టి, 10 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం దాదాపు 0.6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. టేపర్ ప్లగ్గుకు వాషర్ ఉండదు, మరలే ఒకదానితో ఒకటి ఒరుసుకుని ఆయిల్‌ను ఆపుతాయి. ఇలాంటి ప్లగ్గును మితిమీరి బిగిస్తే చుట్టూ ఉన్న అల్యూమినియం దిమ్మ నిలువునా చీలుతుంది.

తర్వాత చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం. మర గేజీ ఉంటే దాని పళ్లను ప్లగ్గు మీద ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. పళ్ల సందుల్లోంచి వెలుతురు రాకపోతే అదే కొలత. గేజీ లేకపోతే వెర్నియర్‌తోనే ఆరు చుట్ల దూరాన్ని, ఒక శిఖరం నుంచి ఏడో శిఖరం వరకు, కొలవవచ్చు. అది 9 మిల్లీమీటర్లు వస్తే చుట్టు దూరం 1.5 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 19 చుట్లు ఉన్న బ్రిటిష్ పైపు మర. 10.9 వస్తే అంగుళానికి 14 చుట్లు. ఈ 14 చుట్ల మర దగ్గర ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అర అంగుళం బ్రిటిష్ పైపు మరకూ, అర అంగుళం అమెరికన్ పైపు మరకూ చుట్లు అంగుళానికి 14 చొప్పునే ఉంటాయి. కాని మొదటిదాని మర పంటి కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. ఒకదాని ప్లగ్గు మరోదానిలో మొదట కొన్ని చుట్లు చక్కగానే ఎక్కుతుంది, ఆ తర్వాత కారుతుంది, ఇంకా బిగిస్తే మరలను నలిపేస్తుంది.

ఇంతకంటే మోసం చేసే జత మరొకటి ఉంది. అర అంగుళం యూఎన్‌ఎఫ్ మరకు (అంగుళాల కొలతలో సన్నని చుట్ల రకం) వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, చుట్టు దూరం 1.27. ఎం 12 × 1.25 ప్లగ్గుకు వ్యాసం 12, చుట్టు దూరం 1.25. చుట్టు దూరాలు ఇంత దగ్గరగా ఉండడం వల్ల చిన్న ప్లగ్గు ఆ పెద్ద రంధ్రంలో హాయిగా చివరి దాకా ఎక్కేస్తుంది. కాని మరలు పైపైనే పట్టుకుని ఉంటాయి. బిగింపు పడగానే కొసలు తెగిపోతాయి. పాత బండికి మార్కెట్లో దొరికిన ఏదో ఒక ప్లగ్గు వేసినప్పుడు కేసు మరలు పోవడానికి ఇటువంటి పొరపాటు జతలు ఒక ముఖ్య కారణం. వేలితో తిప్పినప్పుడు ప్లగ్గు రంధ్రంలో అటూ ఇటూ ఊగుతుంటే, అది దాని ప్లగ్గు కాదని అనుమానించాలి.

కేసు అల్యూమినియమా, పోత ఇనుమా అన్నది అయస్కాంతం ఆనిస్తే వెంటనే తెలిసిపోతుంది. ఇకపై చెప్పేదంతా అల్యూమినియం కేసును, అందులో ఎం 14 × 1.5 ప్లగ్గును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వేరే కొలతలకు అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

డ్రిల్లు పెట్టకుండానే కుదిరే మరమ్మతులు

మొదటి చుట్లు మాత్రమే వంగి ఉంటే, అదే కొలత ట్యాపుతో వాటిని సరిచేస్తే చాలు. ట్యాపును నేరుగా ముందుకు తిప్పకూడదు. రంధ్రంలో నిటారుగా ఆనించి, మొదట వెనక్కి, అంటే విప్పే దిశలో, వేళ్లతోనే నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ఒకచోట చిన్నగా టక్కుమని కిందికి దిగినట్లు వేళ్లకు తెలుస్తుంది. పాత చుట్టు మొదలయ్యే చోటు అదే. అక్కడి నుంచి ముందుకు తిప్పితే ట్యాపు పాత దారినే పట్టుకుంటుంది. ఈ చిన్న పని చేయకుండా బలంగా తోస్తే పాత దారికి అడ్డంగా కొత్త దారి కోసేసి, ఉన్న కాస్త లోహాన్నీ పాడుచేస్తుంది.

సరైన ట్యాపు దొరకనప్పుడు మరో ఉపాయం ఉంది. మరలు బాగున్న అదే కొలత ఉక్కు బోల్టు తీసుకుని, దాని మరల మీద నిలువుగా మూడు గాడులు రంపపు బ్లేడుతో కోసి, గాడుల అంచుల్లో లేచిన బరకను సన్నని ఆకురాయితో తీసేస్తే అల్యూమినియం వంటి మెత్తని లోహంలో అది శుభ్రం చేసే ట్యాపుగా బాగానే పనిచేస్తుంది. కొత్త మర కోయడానికి మాత్రం పనికిరాదు.

రెండో పరిస్థితిలో, అంటే ప్లగ్గు చేరని లోతులో మంచి చుట్లు మిగిలి ఉంటే, అదే మరతో కొంచెం పొడవైన ప్లగ్గు వేస్తే సరిపోతుంది. ఎన్ని చుట్లు మిగిలాయో తెలుసుకోవడానికి సన్నని తీగ కొసను కొక్కెంలా వంచి, రంధ్రంలోకి పంపి, లోపలి అంచుకు తగిలించి లోతు కొలవాలి. కనీసం నాలుగైదు మంచి చుట్లు పట్టాలి. ప్లగ్గు కొన లోపలి గేరుకు తగలకూడదు. ప్లగ్గు బిగించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ వైపు షాఫ్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పి చూస్తే తగులుతోందో లేదో తెలుస్తుంది. ఇది ఎంతో సులువైన మరమ్మతు, లోహం ఏమాత్రం పోదు. అయినా చాలామంది దీన్ని చూడకుండానే డ్రిల్లు అందుకుంటారు.

చేయకూడనివి కూడా ఇక్కడే చెప్పాలి. టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే కారడం కొన్నాళ్లు తగ్గినట్లు కనిపిస్తుంది గాని, పోయిన మరలకు బలం రాదు, తెగిన టేపు ముక్కలు లోపలికి పోతాయి. ఎపాక్సీ ముద్ద పెట్టి మూసేస్తే తర్వాతి ఆయిల్ మార్పుకు దారి మూసుకుపోతుంది, నడుస్తున్న బండిలో అది ఊడితే ఆయిలంతా రోడ్డు పాలై గేర్లు ఎండిపోతాయి. తనకు తానే మర కోసుకుంటూ వెళ్లే ఓవర్‌సైజ్ ప్లగ్గులు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. అవి వంకరగా కోస్తాయి, కోసిన పొట్టును లోపలికి నెడతాయి, విప్పి బిగించిన ప్రతిసారీ ఇంకొంచెం కోస్తాయి. కేసు మీద గౌరవం ఉన్న ఎవరూ వాటిని వాడకూడదని నా మాట.

మరలు పూర్తిగా పోతే

మొత్తం రంధ్రం నున్నగా అయిపోయినప్పుడు మూడు దారులు ఉంటాయి. రంధ్రాన్ని ఎం 16 × 1.5కు పెంచి పెద్ద ప్లగ్గు వేయడం ఒకటి. హెలికాయిల్ అని పిలిచే స్టెయిన్‌లెస్ తీగ చుట్టను కూర్చి పాత కొలత ప్లగ్గునే వాడడం రెండోది. లేత్ మీద తిప్పించిన గట్టి బుష్‌ను, అంటే లోపలా బయటా మరలున్న లోహపు గొట్టం ముక్కను, కేసులో శాశ్వతంగా బిగించి, దానిలో పాత కొలత మర పెట్టుకోవడం మూడోది.

ఏది ఎంచుకోవాలన్నది రంధ్రం చుట్టూ ఉన్న దిమ్మ మందం చెబుతుంది. దిమ్మ బయటి వ్యాసాన్ని కొలిచి, అందులోంచి కొత్త మర వ్యాసం తీసేసి, వచ్చినదాన్ని సగం చేస్తే ఒక్కో వైపు మిగిలే లోహం ఎంతో తెలుస్తుంది. అది 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం నేను పాటించే నియమం. దిమ్మ వ్యాసం 30 మిల్లీమీటర్లు ఉంటే, 20 మిల్లీమీటర్ల బుష్‌కు కూడా ఒక్కో వైపు 5 మిగులుతుంది. దిమ్మ 26 మాత్రమే ఉంటే బుష్ ఆలోచన మానుకుని తీగ చుట్టకో, ఎం 16 ప్లగ్గుకో పోవాలి.

దిమ్మలో చోటు ఉంటే నా ఓటు బుష్‌కే. డ్రైన్ ప్లగ్గు ఒకసారి బిగించి వదిలేసేది కాదు, ఆ బండి ఉన్నంత కాలం విప్పుతూ బిగిస్తూ ఉండవలసినది. గట్టి బుష్ ఆ రాపిడిని ఓర్చుకుంటుంది, ఎప్పుడైనా అరిగినా బుష్ ఒక్కదాన్నే మార్చవచ్చు. ఎం 16 ప్లగ్గు పని సులువే గాని, మర మళ్లీ అల్యూమినియంలోనే ఉంటుంది కాబట్టి మొదటి సమస్యే మళ్లీ రావచ్చు.

డ్రిల్లు, ట్యాపు

మర కోయడానికి ముందు వేయవలసిన రంధ్రం కొలత, మర వ్యాసంలోంచి చుట్టు దూరం తీసేస్తే వస్తుంది. ఎం 16 × 1.5కు 14.5 మిల్లీమీటర్లు, ఎం 18 × 1.5కు 16.5, ఎం 20 × 1.5కు 18.5. తీగ చుట్టకు మాత్రం ఈ లెక్క వర్తించదు. దాని ట్యాపు ప్రత్యేకమైనది కాబట్టి కిట్‌లో ఇచ్చిన డ్రిల్లునే వాడాలి.

డ్రిల్లును చేత్తో పట్టుకుని వేసేటప్పుడు రెండు ప్రమాదాలు ఉన్నాయి. అల్యూమినియంలో పెద్ద డ్రిల్లు ఒక్కసారిగా కొరుక్కుని లోపలికి దూసుకుపోతుంది, ఆ చోట పైనే గేరు పళ్లు ఉంటాయి. అందుకని డ్రిల్లు మీద కావలసిన లోతు దగ్గర ఒక స్టాపర్ కాలర్‌గాని, సరైన పొడవుకు కోసిన పైపు ముక్కగాని తొడగాలి. రెండోది, రంధ్రం వంకరపోవడం. రంధ్రం వంకరగా ఉంటే ప్లగ్గు తల వాషర్ మీద ఒకవైపే ఆనుతుంది, ఎంత బిగించినా రెండో వైపు నుంచి ఆయిల్ చెమర్చుతూనే ఉంటుంది. ఈ ప్రమాదానికి మంచి విరుగుడు ఒకటి ఉంది. 25 మిల్లీమీటర్ల మందం గల ఇనుప దిమ్మలో లేత్ మీద డ్రిల్లు కొలతకు సరిపోయే రంధ్రం నిటారుగా వేయించుకుని, ఆ దిమ్మను వాషర్ ఆనే చదును మీద గట్టిగా అదిమి పట్టుకుని, దాని గుండా డ్రిల్లు నడపాలి. ట్యాపు కోసం మరో దిమ్మ, ట్యాపు వ్యాసానికి సరిపోయే రంధ్రంతో, చేయించుకోవాలి. లేత్ పనివారికి ఇది కొద్దిసేపటి పని. విజయవాడ ఆటోనగర్‌లో గాని, హైదరాబాద్ ఆటోనగర్‌లో గాని ఇటువంటి పని చేసే లేత్‌లు వరుసగా ఉంటాయి. ట్యాపులు, డ్రిల్లులు విడిగా కావలసిన వారికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

డ్రిల్లు నిదానంగా తిరగాలి. ట్యాపు కోసేటప్పుడు కిరోసిన్ చుక్కలు వేస్తూ ఉంటే అల్యూమినియం ట్యాపు పళ్లకు అతుక్కోదు. ట్యాపు గాడుల్లో గ్రీజు దట్టంగా పూస్తే కోసిన పొట్టు చాలావరకు అందులోనే చిక్కుకుంటుంది. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, రెండు చుట్లకు ఒకసారి ట్యాపును పూర్తిగా బయటికి తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు పూసి ఎక్కించాలి. విసుగు పుట్టించే పనే, కాని మర నున్నగా రావాలన్నా, లోపలికి చెత్త పోకూడదన్నా వేరే దారి లేదు. సెట్టులోని మూడు ట్యాపులూ ఒకే వ్యాసం గలవైతే, మొదటిదానితో మొదలుపెట్టి, రెండోదానితో ముగిస్తే, రెండు వైపులా తెరిచి ఉన్న రంధ్రానికి మూడోదాని అవసరం ఉండదు.

పోత ఇనుప కేసు అయితే డ్రిల్లు, ట్యాపు పొడిగానే నడపవచ్చు. పొట్టు పొడిలా రాలుతుంది, అయస్కాంతానికి అంటుతుంది.

తీగ చుట్ట వేసేటప్పుడు

ప్రత్యేక ట్యాపుతో మర కోసి, రంధ్రాన్ని గ్రీజు లేకుండా తుడిచి, చుట్టను దాని పనిముట్టుతో ఎక్కించాలి. చుట్ట పై అంచు వాషర్ ఆనే చదునుకంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దిగి ఉండాలి. బయటికి పొడుచుకుని ఉంటే వాషర్ సరిగ్గా కూర్చోదు. చుట్ట లోపలి కొసన అడ్డంగా ఒక చిన్న కొక్కెం ఉంటుంది, ఎక్కించాక దాన్ని విరిచేయాలి. మామూలుగా దాన్ని పంచ్‌తో కొట్టి విరుస్తారు. గేర్ బాక్సులో అలా కొడితే ఆ ఉక్కు ముక్క నేరుగా గేర్ల మధ్యకు పోతుంది. ఎం 14 అంత పెద్ద రంధ్రంలోకి సన్నని ముక్కు ఉన్న పట్టకారు సులువుగా వెళ్తుంది కాబట్టి, కొక్కేన్ని దానితో గట్టిగా పట్టుకుని, విరిగే దాకా కిందికీ పైకీ వంచి, పట్టు వదలకుండానే బయటికి తీయాలి. కొక్కెం లేని రకం దొరికితే ఇంకా మంచిది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఎం 14 × 1.5 చుట్ట కోసం కోసిన మర బయటి వ్యాసం దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. తీగ వెనక ఉన్న సందుల గుండా ఆయిల్ కిందికి రాగలదు. దాన్ని ఆపేది వాషర్ ఒక్కటే. కాబట్టి 16 మిల్లీమీటర్ల వ్యాసానికి బయట, చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున చదును శుభ్రంగా, గీతలు లేకుండా ఉండాలి. వాషర్ బయటి వ్యాసం 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సన్నని వాషర్ వేస్తే ఎంత చక్కగా కూర్చిన చుట్ట అయినా చెమర్చుతుంది.

బుష్ వేసేటప్పుడు

లేత్ వారికి ఇవ్వవలసిన కొలతలు ఇలా ఉండవచ్చు. బయట ఎం 20 × 1.5, లోపల ఎం 14 × 1.5, తల 26 మిల్లీమీటర్ల వ్యాసంతో 3 మిల్లీమీటర్ల మందం. మర ఉన్న పొడవు కేసు దిమ్మ మందానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, లేకపోతే బుష్ లోపలికి పొడుచుకుని వచ్చి అడుగున కొంత ఆయిల్ దిగకుండా నిలిచిపోతుంది. బయటి మర, లోపలి మర, తల రెండు ముఖాలు అన్నీ ఒకే పట్టులో, ముక్కను చక్ నుంచి తీయకుండా తిప్పితే వాటి కేంద్రం ఒకటే అవుతుంది. ఈ మాట లేత్ వారికి ముందే చెప్పాలి.

ఏ లోహం అన్నది కూడా ఆలోచించి తేల్చవలసిందే. వేడికి అల్యూమినియం ఎక్కువగా, ఉక్కు తక్కువగా వ్యాకోచిస్తాయి, ఇత్తడి వీటి మధ్యన, అల్యూమినియానికి దగ్గరగా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం మీద 70 డిగ్రీల వేడి పెరిగితే, కేసుకూ ఉక్కు బుష్‌కూ మధ్య తేడా దాదాపు 0.015 మిల్లీమీటర్లు వస్తుంది, ఇత్తడి బుష్ అయితే అది 0.006 దగ్గరే ఆగుతుంది. బుష్ కేసులో వదులు కాకుండా ఉండడమే ముఖ్యం కాబట్టి, ఎం 14 ప్లగ్గుకు అవసరమైన కొద్దిపాటి బిగింపుకు ఇత్తడి బలం సరిపోతుంది కాబట్టి, నేను ఇత్తడిని ఇష్టపడతాను. అయితే ఇత్తడి, అల్యూమినియం తడిలో కలిసి ఉంటే అల్యూమినియం క్రమంగా తినేయబడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బండి ఉంటే ఆ రెండింటి మధ్య సందంతా లాకింగ్ కాంపౌండ్‌తో (మరలను కదలకుండా పట్టి ఉంచే జిగురు) నిండి ఉండేలా చూసుకోవాలి.

బుష్ బిగించే ముందు రెండు వైపుల మరలనూ ఆయిల్ జాడ లేకుండా కడిగి ఆరబెట్టాలి. పాత కేసు రంధ్రాల్లోంచి ఆయిల్ మళ్లీ ఊరుతూ ఉంటుంది, కనుక తుడిచి, కాసేపు ఆగి, మళ్లీ తుడవాలి. తర్వాత గట్టి రకం లాకింగ్ కాంపౌండ్ బయటి మరలకు, తల కింది ముఖానికి పూసి, తల చదునుకు ఆనే దాకా బిగించి, ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. తొందరపడి అదే పూట ఆయిల్ పోస్తే ఆ కాంపౌండ్ పట్టదు. ప్లగ్గు విప్పేటప్పుడు బుష్ కూడా వెంట తిరిగి రాకుండా, తల అంచున, బుష్‌కూ కేసుకూ మధ్య గీత మీద 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఒక చిన్న పిన్ను దింపితే ఇక ఆ చింత ఉండదు.

లోపలి పొట్టు, వాషర్, ఆయిల్

అల్యూమినియం పొట్టును అయస్కాంతం పట్టదు కాబట్టి, దాన్ని కడిగి తీయడం తప్ప వేరే దారి లేదు. రంధ్రం కిందివైపు ఉండడం ఇక్కడ మనకు కలిసివస్తుంది, చాలా పొట్టు తనంతట తానే రాలుతుంది. మిగిలినదాని కోసం చౌకైన పల్చని ఆయిల్ అర లీటరు గోరువెచ్చగా వేడిచేసి, ఫిల్లర్ రంధ్రంలోంచి పోసి, కింద తెల్లని గుడ్డ మీదుగా వడగట్టాలి. గుడ్డను ఎండలో అటూ ఇటూ తిప్పి చూస్తే మిలమిలలాడే రేణువులు కనిపిస్తాయి. అవి కనిపించకుండా పోయే వరకు మళ్లీ మళ్లీ పోయాలి. కిరోసిన్‌తో కడగడం నాకు నచ్చదు, అది బేరింగుల్లోని ఆయిల్‌ను కూడా కడిగేస్తుంది. గొట్టంతో గాలి కొట్టవలసివస్తే ఫిల్లర్ వైపు నుంచి కిందికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. కింది నుంచి పైకి కొడితే పొట్టు బేరింగుల్లోకి చేరుతుంది.

వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. రాగి వాషర్ అయితే ఒకసారి నలిగాక గట్టిపడుతుంది. కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని మంట మీద ముదురు ఎరుపు వచ్చే వరకు కాల్చి, నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లని పొరను సన్నని ఎమరీ కాగితంతో తీసి వేయవచ్చు. బిగింపు విషయంలో బండి పుస్తకంలో అంకె ఉంటే అదే పాటించాలి. లేనప్పుడు అల్యూమినియంలో ఎం 14 ప్లగ్గుకు 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి. 20 సెంటీమీటర్ల పానా చివర సుమారు 12, 13 కిలోల బరువు వేసినంత బలం అది. టార్క్ పానా లేనివారు పొట్టి పానాతో, మణికట్టు బలంతోనే బిగించి, వాషర్ నలిగినట్లు చేతికి తెలియగానే ఆపేయాలి.

ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ వచ్చి కారడం మొదలయ్యే వరకు పోయాలి. సింక్రో రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసేవి) ఇత్తడితోనో కంచుతోనో ఉన్న పాత గేర్ బాక్సుకు, తయారీదారు చెప్పిన చిక్కదనంలో డబ్బా మీద జీఎల్-4 అని ఉండే రకం గేర్ ఆయిల్ వేయడం క్షేమం. జీఎల్-5లోని గంధక రసాయనాలు కొన్ని రకాల్లో ఆ పసుపు లోహాలను తింటాయి.

ప్లగ్గు చుట్టూ ఆయిల్ జాడ లేకుండా తుడిచి, టాల్కం పొడి చల్లి, బండిని ఓ గంట నడిపి, రాత్రంతా కింద కాగితం పరిచి ఉంచాలి. పొడి తడిస్తే ఏ వైపు తడిసిందో చూడాలి, అంతేగాని వెంటనే ఇంకో చుట్టు బిగించకూడదు. ఒకవైపే తడిస్తే చదును వంకరగా ఉన్నట్లు, చుట్టూ తడిస్తే వాషర్ సరిపోనట్లు, ప్లగ్గుకు దూరంగా తడిస్తే బుష్ అంచు నుంచి వస్తున్నట్లు అర్థం. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఆయిల్ దించి గుడ్డ మీద చూసి, మిగిలిపోయిన పొట్టు ఏదైనా ఉంటే తీసేయాలి. ఆ రోజే ప్లగ్గు పక్కన కేసు మీద నంబరు పంచ్‌తో కొత్త మర కొలతను లోతు లేకుండా కొట్టి, బండి సర్వీసు పుస్తకంలో బుష్ ఏ లోహమో, బయటి మర ఎంతో రాసి పెడితే, ముందు ముందు ఎవరి చేతికి వెళ్లినా వారు మళ్లీ తప్పు ప్లగ్గు వేయరు.